పైరు

అరవంలో పరంగి అంటే తెల్లవాడు.
తెలుగులో ఫిరంగి అంటే ఫిరంగే.
మద్రాసు పరంగికొండకి మా ఇంట్లో
ఎప్పుడూ రెండో అర్థమే.

మొదట్లో అక్కడ ఏముండేదని అడిగితే
మా మేనత్త సుబ్బరత్తమ్మ వేళ్లు మడిచి చెప్పేది:
రెండు తాటాకు పాకలు, నాలుగు ఇత్తడి గొట్టాలు,
పల్లావరం సంతలో బేరమాడి కొన్న ముప్పై ఆరు ఎడ్లు,
ఎడ్లకన్నా చవగ్గా దొరికిన మనుషులు.

ఆ మనుషుల్లో ఒకడు ఎల్లమంద.
ఉదయగిరి మెట్టలో రెండేళ్లు వాన లేక
పుట్టెడు జొన్నల అప్పు వెనకేసుకుని
తొమ్మిది రోజులు నడిచొచ్చాడు.
పేరు రాసుకున్న దొరకి సగమే వినపడింది.
జీతాల పుస్తకంలో ‘మంద’.
పక్కన నిశానీ, ఒక అడ్డగీత.

నేర్పిన పని చిన్నదే.
గుండు పేలాక దస్తగిరి
తడిగుడ్డ చుట్టిన కర్ర గొట్టంలోకి దూరుస్తాడు.
అంతసేపూ వెనక బెజ్జాన్ని
బొటనవేలితో మూసి ఉంచాలి.
తోలు తొడుగు ఇస్తారు. తోలు కాలాక చర్మం ఉంటుంది.
వేలు తీస్తే గాలి పోతుంది,
గాలి పోతే లోపలి నిప్పు లేస్తుంది,
నిప్పు లేస్తే
దస్తగిరికి చేతులుండవు.

పలకా లేదు, బలపమూ లేదు. ఇదే ఓనమాలు.

ఒక రోహిణీ కార్తెలో తొడుగు చిరిగింది.
వీడు వేలు తియ్యలేదు.
“ఎంత స్నేహమో!” అన్నాను.
“దస్తగిరి మూడు పణాలు బాకీ” అంది అత్త.

మాటలన్నీ ఇంగ్లీషువి. హవల్దారు వాటిని నమిలి ఉమ్మేవాడు.
ఎల్లమందకి ఒక్కటే తెలిసినట్టుండేది.
ఫైర్, అనేవాడు దొర.
పైరు, అని వినపడేది వీడికి.

పైరు!
చాందమారి దిబ్బ ఎర్రగా లేచి పడేది.
పైరు!
కొండమీది కోవెల గంట దానంతటదే మోగేది.
పొద్దుగూకులూ పైరు పైరని అరిచే ఈ చోట
గింజ మొలవదేమని
వాడికి నిజంగానే అనుమానం.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది.
గుళ్లు దున్నిన దిబ్బ వాలులో,
ఎవరూ చూడకుండా,
మొలలో దాచుకున్న పిడికెడు జొన్నలు చల్లాడు.
మోకాలెత్తు లేచింది.
కంకి తొంగిచూసే వేళకి వాన తెరిపిచ్చింది.
మందు ఆరింది.
ఫిరంగులు బయటికి లాగారు.

బెజ్జం మీద వాడి వేలే.
కర్ర దగ్గర దస్తగిరే.
దొర నోరు తెరిచాడు.
ఆ పూట మొదటిసారి ఆ మాట
ఇంగ్లీషులో వినపడిందట వాడికి.

“తర్వాత?”
“తర్వాతేముంది,
మిగిలింది ఎడ్లు మేశాయి.”