ఖా. పీ.

నాలుగు వందల కుర్చీలు కొన్నా, అప్పు చేసి.
ఒక్కోదాని వీపు మీద పసుప్పచ్చ పెయింటుతో
ఖా. పీ. అని నేనే రాసుకున్నా,
అక్షరాలు వంకర పోయినాయని మాబున్ని నవ్వుతా ఉంటే.
ఎవరింట పెండ్లయినా, ఎవరు పోయినా
జనం కూసున్నది నా అప్పు మీదనే.

గుంపులు కూడగూడదన్న ఆ రెండేండ్లు
కుర్చీలు ఒకదాని మీదొకటెక్కి గోడౌన్లో నిద్దరపోయినాయి.
వడ్డీ మాత్రం
కూసోలేదు, పండుకోలేదు.

ఇప్పుడు కడపలో ఏడురోడ్ల కాడ నిలబడితే
ఒక్కో రోడ్డు కొసన ఒకరు:
ఫైనాన్సు ఎల్లారెడ్డి, చీటీల సుంకులమ్మ,
షామియానా గుడ్డలిచ్చిన ప్రొద్దుటూరు సేటు,
మాబున్ని వాళ్లన్న.
బాకీ లేని రోడ్డు ఒకటే మిగిలింది,
అది కోర్టు దిక్కు పోతాది.
పిల్లోళ్లు అప్పుడే పేరు మార్చినారంట నాకు,
ఖాపీ కాదు, ఐపీ అని.

మొదటి వకీలు ఫీజు చెప్పినాడు.
ఐపీ పెట్టేదానికి మళ్లా అప్పు చెయ్యాల్నా సార్ అంటే
అదీ అందులోనే రాస్తాంలే అన్నాడు.
బయటికొచ్చి టీ తాగి
టీకి కూడా అప్పు చెప్పి నడిచినా.

రెండో ఆయప్ప తలుపేసి గొంతు తగ్గించినాడు.
ఇల్లు పెండ్లాం పేరు మీదికి, పాత తేదీతో,
పాత స్టాంపు పేపరు తనే తెప్పిస్తాడంట.
మాబున్నికి చెప్తే ఊరిమిండి నూరేది ఆపలేదు.
"అప్పులోళ్లల్లో మా అన్న ఉండాడు.
వాని నోట్లో మన్ను కొట్టే సంతకం
నా చేత పెట్టిస్తావా?"

మూడో వకీలు పెంచల నాగరత్నమ్మ.
జెరాక్సు అంగడి పైన, ఇనుప మెట్లు, కిర్రుమనే ఫ్యాను.
"చట్టం శానా పాతది," అనింది,
"అయిదు వందల బాకీ ఉంటే చాలు, తలుపు తట్టొచ్చు.
నీదెంత?"
చెప్పినా.
పెన్ను మూత తీసింది, మళ్లా పెట్టింది.

"కట్టుబట్టలు, వంట గిన్నెలు, మంచం,
ఆయమ్మ మెడలో నల్లపూసలు,
వీటి జోలికి ఎవరూ రారు.
మిగతాది గరిటెతో సహా రాయి.
ఒక్కటి దాచినావని తేలితే
అర్జీ చించుకున్నట్టే."

రాసినా.
డేగిసాలు పదకొండు.
ఎలకలు కొట్టిన షామియానాలు ఆరు.
సీరియల్ బల్బుల చుట్టలు, వెలిగేటివి కొన్ని.
కుర్చీలు నూటా పద్నాలుగు,
తక్కినవి ఎవరెవరి వరండాల్లోనో.

లేయబోతా చెయ్యి వెనక్కి ఆనిస్తే
వేలికి గరుకు తగిలింది.
వంగి చూసినా.
పసుప్పచ్చ. వంకర ఖా.

మేడం, ఈ కుర్చీ నాదే.

అద్దాలు సర్దుకోని వచ్చి చూసింది.
"మా అన్న కూతురి ఓణీల నాడు వచ్చినట్టుంది,"
అని, కొంచేపాగి,
"అంటే నాలుగేండ్ల బాడుగ బాకీనా నేను?"
నవ్వాల్నో వద్దో ఇద్దరికీ తెలీలేదు.

మీ కాడే ఉండనీండి మేడం అన్నా.
"ఇచ్చేదానికి నీది కాదప్పా ఇప్పుడు,"
అని నూటా పద్నాలుగు కొట్టేసి
నూటా పదహైదు రాసింది.
పక్కన చిన్నక్షరాలతో:
ఇందులో ఒకటి అర్జీదారు వకీలు ఆఫీసులో ఉన్నది.

మెట్లు దిగతాంటే జేబులో ఫోను. ఎల్లారెడ్డి.
ఏడు నెలలుగా ఎత్తని ఫోను.
"యాడుండావురా?"
"వకీలు కాడ, అన్నా.
నీ పేరు రాసినా. మొత్తం,
చిల్లరతో సహా."

అవతల కొంచేపు
ఫ్యాను తిరిగే సద్దే వినపడింది.