పాటకి లేవాలి

గుణుపురంలో నీలమణి టాకీస్ ఉన్న రోజుల్లో
సినిమాకి వెళ్లే పూట ఆడవాళ్లం
పొద్దుట్నించీ నీళ్లు ముట్టేవాళ్లం కాదు.
మజ్జిగ మానేసేవాళ్లం. చారు మానేసి వేపుడు.
మా అత్త నారాయుడమ్మ
ఏకాదశి కూడా అంత నిష్ఠగా చేసేది కాదు.

అయినా మూడు గంటలు ఎవరి తరం?
ఇంటర్వెల్లో వెళ్దామంటే
గోడ పొడుగునా మగాళ్లు.
గోడకి అవతల మాకు ఒక్కటే దొడ్డి,
దానికి ఒక్కటే తలుపు,
తలుపుకి తాళం,
తాళంచెవి కుముద్ అపా బొడ్డున.

గేటు దండాసి పెళ్లాం కుముద్ అపా.
బొమ్మ మారిన రోజు మొదటాట
తెరపక్క నిలబడి చూసేది,
వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ.
కథతో పనిలేదు ఆవిడకి.
కథలో ఖాళీ ఎక్కడుందో కావాలి.
మాట్నీ నాటికి అంతా కంఠతా:

"మొదటి పాటకి లేవకండి, దాన్లో చీరలు బాగున్నాయి.
విలను తన ఎత్తంతా విప్పి చెప్తాడు చూడండి,
అది మూడు నిమిషాలు, బేగి నడిచేవాళ్లకి చాలు.
తల్లి చచ్చిపోయేటప్పుడు మాత్రం
పీకలమీదికొచ్చినా కదలొద్దు,
తర్వాత ఇంటికెళ్లి ఏడవలేరు.
రెండో సగంలో మంచుకొండల పాటొస్తుంది,
అయిదు నిమిషాల పైమాటే.
అది మనది."

అన్నట్టే చీకట్లో టార్చి వెలుగు
వేరుశనగ తొక్కల మీద పాకుతూ వచ్చేది.
"ఎబే, ఎబే ఆసొ" అని గుసగుస.
వరసకి ఏడుగురం లేచేవాళ్లం,
ఎవరెవరి మోకాళ్లో దాటుకుంటూ,
తెర మీద మా కొప్పుల నీడలు.
"కూకోండమ్మా" అని వెనకనించి ఒకడు అరిచేవాడు.
వాడికేం, గోడ ఉంది.

బయట వంశధార వైపు నుంచి గాలి.
చెమటపట్టిన పావలా గుప్పిట్లో పెట్టుకుని క్యూ.
లోపల పాట సాగుతుంటే
దమయంతి టీచర్ తన ట్రాన్స్‌ఫర్ ఆగిపోయిందని చెప్పింది.
బియ్యం మిల్లు వాళ్ల కోడలు
మూడో నెలని మొగుడికన్నా ముందు మాకు చెప్పింది.
ఎవరిదో తెగిన చెప్పుకి ఎవరో పిన్నీసు ఇచ్చారు.
ఓ ఆషాఢంలో, సన్నటి తుంపరలో,
ఇంట్లో పెదవి విప్పని మా అత్త
నా జడలో ఊడిపోతున్న కనకాంబరాలు సర్దుతూ
"పిల్లా, మా ఇంట్లో నీకు బాగుందా?" అంది.

రెండో చరణం నడుస్తోంది.
నేను నోరు తెరిచేసరికి
ఆవిడ వంతు వచ్చేసింది.
తిరిగొచ్చి, చెంబు నా చేతికిచ్చి,
ఫైటు మొదలైపోతుంది బేగి రా, అంది.
మళ్లీ ఎప్పుడూ అడగలేదు.
నేనూ చెప్పలేదు.

మొన్న మనవరాలు ఫోన్లో ఆ పాట పెట్టింది.
నలభై రెండేళ్లకి కళ్లతో చూశాను.
తెల్లబూట్ల హీరో,
పల్చటి చీరలో, చలికి పెదాలు నీలమైన ఆ పిల్ల.
ఒక చెట్టు చుట్టూ తిరిగారు.
ఇంకో చెట్టు దగ్గరికెళ్లి దాని చుట్టూ తిరిగారు.
ఓసి, ఇంతేనా!
దీనికా ఆ వెనకవాడు అరిచింది?

రెండో చరణం వచ్చింది.
"బాగుంది" అన్నాను, పైకే.
"పాటా, నానమ్మా?"
ఏం చెప్తాం.
లేచాను. "ఆపనా, వెళ్లొస్తావా?" అంది.
వద్దే, పాటకి ఆపకూడదు.
నడవనీ.