చూడబడినది

జనానాలో నా పని రాత.
ఇరవై రెండేళ్లు, కజ్వీన్ కోటలో, ఉత్తరపు గదిలో.
ఒక పీట, రెండు రెల్లుకలాలు,
సిరాబుడ్డిలో తడి ఆరకుండా ఓ పట్టుకుచ్చు.

ముందువాకిట మగవాళ్ల అర్జీలు:
జాగీర్లు, సరిహద్దులు, ముట్టని జీతాలు.
మా పెరటివాకిటికి ఇంటిగొడవలొచ్చేవి.
కాలువ నీళ్ల వంతు తమ్ముడు కాజేశాడని ఒకావిడ.
ఖర్బూజా తోటలో సగం నాదేనని మొగుడుపోయిన పినతల్లి.
షాకి పాలిచ్చిన దాది కొడుక్కి గుర్రం కావాలట,
అదీ నల్లదే కావాలట.
అన్నీ రాసేదాన్ని,
“కాలిదుమ్ముకన్నా తక్కువైన ఈ దాసి” అని మొదలెట్టి.

ఆ శీతాకాలం తాబాన్ బేగం
ఆ మొదలే వద్దంది.
“వాడు నా అన్నకొడుకు.
నేను దుమ్మునెలా అవుతాను? మేనత్తని.”

ముందురోజు రాత్రే తెలిసింది.
షాకి సవతి తమ్ముడు, ఫరీబుర్జ్ మీర్జా, పదకొండేళ్లవాడు.
చూపులేనివాడికి సింహాసనం రాదు కదా.
ఎవరూ పైకి అనలేదు.
సూదులు కాల్చే మనిషి ఊళ్లో ఉన్నాడా అని అడిగారట.
ఖ్వాజా యాకూత్ ఆ మాట చెప్పి
గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

న్యాయం అని రాశాను. కొట్టేయమంది.
కరుణ అన్నాను. బిచ్చగాళ్లకి దాచుకోమంది.
దేవుడి పేరుతో ఒక వరస రాశాను,
దాన్ని కొట్టేయలేక కాగితమే మార్పించింది.

అప్పుడు తనే చెప్పింది:
“నాలుగో ఏట నీకు కళ్లకలక వచ్చింది.
ఏడురోజులు రెప్పలంటుకుపోయి
అత్తా, ఇంకా తెల్లారలేదా అని ఏడ్చావు.
హకీము గులాబీనీళ్లన్నాడు. మండాయి నీకు.
అప్పటికి నా బిడ్డ పోయి తొమ్మిది రోజులు.
పాలు ఇంకా పోలేదు.
అవి నీ కళ్లలో పిండాను.
ఎనిమిదోనాడు నువ్వు మొదట చూసింది
నా ముక్కుమీది పుట్టుమచ్చని.
ఈగనుకుని కొట్టావు.
నాకు జాగీరు వద్దు, గుర్రం వద్దు.
ఆ పాలబాకీ ఈ పిల్లాడి పేర రాసెయ్.”

మొహరు వేసి ఊదింది.
సిరా ఆరిపోయాక కూడా చాలాసేపు ఊదింది.

మూడోనాడు కాగితం తిరిగొచ్చింది.
అంచున షా చేతిరాత, రెండే మాటలు:
దీదే షుద్.
చూడబడినది.
అవునని లేదు, కాదని లేదు.
దఫ్తరులో గడ్డిలెక్క మీదైనా అదే రాస్తారు.
యాకూత్ ఉన్నచోటే కూలబడ్డాడు.
బేగం దాన్ని దీపం దగ్గరికి పట్టింది.
మా ఫార్సీలో దీదే అంటే చూసినదీ అవుతుంది,
కన్నూ అవుతుంది.

“కన్ను అని రాశాడు,” అంది.
“బేగం, అది...” అన్నాను, రాతపని తెలిసినదాన్ని గదా.
“కన్ను అనే రాశాడు. అమీర్లు చుట్టూ కూర్చునుంటే
ఇంతకన్నా ఏం రాస్తాడు, పిరికివెధవ.”

ముసుగు చుట్టుకుని, చెప్పులు మరిచి,
మంచుపడ్డ వాకిలి దాటి
సూదుల మనిషి దగ్గరికి తనే వెళ్లింది.
హుకుం ఇదిగో అంది.
వాడికి చదువు రాదు.
మొహరు చూశాడు.
ఆవిడ పాదాలు చూశాడు.
కుంపటి మీద నీళ్లు పోశాడు.

షా తరవాత ఏమీ అనలేదు, అడగనూ లేదు.
ఆ రెండు మాటలకి అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలీదు.
పిల్లాణ్ణి కొండకోటకి పంపేశారు.
బేగం మళ్లీ వాణ్ణి చూడలేదు.

మంచు కరిగాక ఒక చీటీ వచ్చింది.
వంకరరాత, అక్షరాలొకచోట చుక్కలొకచోట:
“ఎదుటి బండమీదికి రోజూ ఒక మేక వస్తుంది.
దానికి ఒక కొమ్ము విరిగింది.”

చదివాను. మళ్లీ చదవమంది.
దీపాలు పెట్టేదాకా చదువుతూనే ఉన్నాను.
“ఏ కొమ్మో రాయలేదా? ఎడమదా, కుడిదా?”
లేదన్నాను.
“అడుగు, రాయి.”

కలం ముంచాను.