ఏడు అంకె లేదు

నా కొలువు చిన్నది.
మారేడ్‌పల్లి గ్రౌండుల మూడు రోజుల లీగు మ్యాచికి
బోర్డు మీద రేకు అంకెలు తగిలించుడు.
పరుగొస్తే లేస్త, రాకుంటే కూసుంట.
ఇయ్యాల బువ్వ తిన్నకాడికెళ్లి కూసునే ఉన్న.

చూసేటోళ్లు ఆరుగురు.
అండ్ల ఇద్దరు టోపీ మొఖం మీదేసుకొని పన్నరు.
ఒకామె నాచారం పిల్లగాని తల్లి.
చేతులు ఒళ్లె పెట్టుకొని
ప్రతి బాలుకూ జెరంత ముందుకు వంగుతది,
బాలు అయిపోంగనే వెనక్కి వాలుతది.
ఆ వంగుడు లెక్కపెడ్తే అదొక మ్యాచి.

పిల్లగాడు ముప్పై ఆరు మీద ఆగిండు.
గడియారం ఆగినట్టు కాదు,
పాల మీద మీగడ ఆగినట్టు.
బాలొస్తది. బ్యాటు దిగుతది.
టక్.
బౌలరు మల్ల అంత దూరం నడుసుకుంట పోతడు,
ప్యాంటుకు రుద్దుతడు, ఆకాశం దిక్కు చూస్తడు,
ఉరికొస్తడు.
టక్.

బోరు కొట్టదా అంటరు.
కొడ్తది, అబద్ధమెందుకు?
రెండో గంటల బాగ కొడ్తది.
మూడో గంటకు బోరే అలిసిపోయి
నా పక్కన కూసుంటది.

గప్పుడే జాలి అవతల బండి ఆగింది.
వీపు మీద బిర్యానీ పెట్టె,
హెల్మెట్ తీయకుండనే అడిగిండు:
"క్యా హోరా, భాయ్?"
"ఏం అయితలేదు."
"మరేం చూస్తున్నవ్?"
"ఏం కావద్దని చూస్తున్న."

చెప్పిన.
నా దగ్గర ఉన్నయే రెండు ఏడ్లు.
ఒకటి పోయిన వానాకాలం రోలరు కింద నలిగింది.
ఇంకోటి అదిగో, మొత్తం మీద వేలాడుతుంది,
నూట డెబ్బై ఒకటిల.
వాడు ఒక్క పరుగు తీసిండంటే
ముప్పై ఏడు నేనెక్కడ తేవాలె?

తౌఫీక్ నవ్విండు. బండి బంద్ చేసిండు.
జేబుల ఫోను మోగుతనే ఉంది.
"ఏక్ బాల్," అన్నడు దానితోని.
టక్.
"ఔర్ ఏక్."
టక్.
చేతివేళ్లు జాలిల ఇరికిచ్చి
ఊపిరి పట్టుకొని చూస్తుండు,
ఎవని ఆకలో పెట్టెల చల్లారుతుంది.

ఒక బాలు మెత్తగ పడ్డది,
నేనైనా కొడ్త దాన్ని.
పిల్లగాడు బ్యాటు ఎత్తి వదిలేసిండు.
"అరే!" అన్నడు తౌఫీక్,
"హమ్మయ్య" అన్న నేను,
రెండూ ఒక్కపారే.
ఆ తల్లి తిరిగి మా ఇద్దర్ని చూసింది,
ఎవరు ఎవరి దిక్కో సమజ్ కాలే.

టీవీల అయితే ఈ మూడు ఓవర్లను కోసి పారేస్తరు.
పారేసినకాడనే నేను బతుకుతున్న.

ఎలుగు తగ్గిందని ఆట ఆపిన్రు.
ముప్పై ఆరు, నాటౌట్.
అంకెలు దించి సంచిల ఏస్తుంటే
ఎండ మిగిలిన రేకులు చేతులకు వెచ్చగ తగిలినయ్.

తెల్లారి ఆట షురూ కాకముందే వచ్చిండు తౌఫీక్.
అట్ట డబ్బా మూత కత్తిరిచ్చి
నల్ల మార్కరుతోని రాసుకొచ్చిండు ఏడు.
జెర వంకర, ఒక మూలకు నూనె మరక.
తాడు కట్టి మోకాళ్ల మీద పెట్టుకున్న.
ఇద్దరం గిప్పుడు పరుగు కోసమే చూస్తున్నం.

మొదటి బాలుకే పోయిండు పిల్లగాడు.
బెయిలు పడ్డ సప్పుడు గూడ రాలే.
ఆమె ముందుకు వంగి ఉంది.
చానాసేపు వెనక్కి వాలలే.