పది కిలో ఓములు

నార్పల దాటినాక చీనీతోటలో
మట్టి తేమ కొలిచే బోర్డు,
దానికి చిటికెనవేలంత బ్యాటరీ.

మొదటిది
పెనం మీద ఓళిగలా ఉబ్బిపాయ.
నూటయాభై తాగేదానికి
వెయ్యి మిల్లీయాంపులు పోస్తి.
తప్పు చిప్పుది కాదు.

ఈసారి పొగలో కళ్ళు చికిలించి
నువ్వుగింజంత రెసిస్టరు పీకి
ఇంకోటి అతికిస్తి.

మూసుకుపోయిన డ్రిప్పరుని
పిన్నీసుతో పొడుస్తా ఓబులమ్మత్త అడిగె:
"ఇంత పిసరు నిండేకి
ఇంతసేపేందిమే?"
"నీ చెట్టుకెంత ఇడుస్తావత్తా?"
"గంటకి నాలుగు లీటర్లు."

అని ఊరుకుండె.
పైపు కింద అరచెయ్యి పట్టి
చుక్కలు లెక్కపెట్టుకునె.

ఎర్రలైటు ఇంకా ఆరలేదు.
బ్యాటరీని వేలితో తాకి చూస్తి:
చల్లగుంది,
ఆకుచాటు చీనీకాయ
నీడవైపు చెంప మాదిరి.