ఆఖరి బస్సు

పక్క సీట్లో వాడు కూలబడినప్పుడు
నా మోకాలు నాకంటే ముందే జరిగింది.

ఆదోని నుంచి పత్తికొండకు రాత్రి ఆఖరి బస్సు.
ఇదే రూటులో ఇరవై ఆరేండ్లు టికెట్లు కొట్టినోణ్ణి.
హుసేనప్ప బస్సంటే
తాగినోళ్లు మెట్టెక్కరని డిపోలో పేరు.
ఎక్కినోణ్ణి చొక్కా పట్టి
ఆస్పరి దాటినాక చింతచెట్ల కాడ దింపి,
రైట్ రైట్ అని ఈల వేసి
మళ్లీ చిల్లర లెక్కబెట్టుకునేవాణ్ణి.
చేతులు వణికిన గుర్తు లేదు.
వాడు ఇల్లెట్ల చేరినాడో
మర్నాడు అడిగిన గుర్తూ లేదు.

వీనికి ఇరవై రెండో ఇరవై మూడో.
పత్తిమిల్లు దూది ఇంకా జుట్టులోనే ఉండాది.
ఫోన్లో ఎవర్నో తిడతాండాడు,
తిట్టు తిట్టుకూ ముంజేయి లేస్తాంది.
నా మీదికి కాదు. తెలుసు.
తెలిసినా
దిగే మెట్టు ఎన్ని సీట్ల అవతలుందో లెక్కబెడతాండా.
నాలుగు.
ఆపరేషన్ అయిన కాలుకు నాలుగు సీట్లంటే
ఆదోని కొండ.

ఇట్లా లెక్కబెట్టింది ఇంకొక్కప్పుడే.
ఆరేండ్ల వయసులో, గరిసె వెనక నక్కి,
వాకిట్లో నాయిన చెప్పులు విడిచే చప్పుడు.
రెండూ వెంటవెంటనే పడితే మంచి రాత్రి.
ఒకటే పడి ఆగిపోతే
అమ్మ దీపం తగ్గించేది.

మధ్యలో యాభై ఏండ్లు
ఆ చప్పుడు నా చెవిలో లేదు.
దాన్ని ధైర్యమనుకున్నా.
ఉత్త కండ.

బస్సు గుంతలో పడింది,
వాని తల వచ్చి నా భుజమ్మీద పడింది.
రెండు చేతులూ మొహానికి అడ్డం వచ్చినాయి.
ఎప్పుడొచ్చినాయో నాకే తెల్దు.

వాడు కండ్లు తెరిచి చూసినాడు.
ఆ చేతుల్నే చూసినాడు శానాసేపు.
ఫోను జేబులో పెట్టినాడు.
"తాతా, నేనేం చేయన్లే. భయపడాకు."
లేసిపోయి, డ్రైవరు వెనక కడ్డీ పట్టుకోని
తూలుకుంటా నిలబడినాడు.

వచ్చి కూచోరా నాయినా, అనాల్సింది.
నోరు రాలేదు.
భుజమ్మీద చెమటా, సారాయి వాసనా,
రొవ్వంత దూదీ.

ఆస్పరి పోయింది.
కిటికీలో చింతచెట్లు
చీకట్లోనించి ఒకటొకటే వస్తాండాయి.
కింద ఎవరన్నా నిలబడుండారేమోనని
మొదటిసారి
వంగి చూసినా.