టోపీ పిండిన నీళ్లు

నా మోడల్‌లో ఒక గడి యాభై కిలోమీటర్లు.
అందులో ఒక లోయ, రెండు చర్చిలు,
చేప ఒక్కటీ మిగలని సరస్సు,
రోజూ ఎనిమిదింటికి వానసీసా మార్చే తోర్‌గ్రిమ్,
ఆయన ఆవుల కొట్టం.
అందరికీ కలిపి ఒకటే మబ్బు, ఒకటే అంకె.

మబ్బును ఇలా రాసుకున్నాను:
వెంట్రుక మందంలో ఐదోవంతైనా లేని నీటిచుక్క.
సముద్రం అవతల ఏ పొగగొట్టంలోనో బయల్దేరిన గంధకం
తలుపు తట్టకుండానే లోపలికొస్తుంది.
ఓజోన్‌ది నిదానం, పెరాక్సైడ్‌ది తొందర,
ఎవరి చేతికి చిక్కినా చివరికి ఆమ్లమే.
పశువుల పాకల మీంచి అమ్మోనియా వచ్చి
సగం తగువు తీరుస్తుంది.
మిగతా సగంతో చుక్క బరువెక్కి రాలుతుంది.
రాలుతూ దారిలో దుమ్మునీ పట్టుకుంటుంది.
మరీ సన్నవి వణికి వణికి వచ్చి తగులుకుంటాయి,
మరీ లావువి పక్కకు తప్పుకోలేక దొరికిపోతాయి,
నడిమిరకంవి గాలితోపాటు ఒంగి జారుకుంటాయి.
ఎక్కడైనా అంతే కదా.

చివరి నిలువు వరుసకి 'తొలగింపు' అని పేరు పెట్టాను.
ఓస్లోలో, నాలుగో అంతస్తులో,
ఆ మాట ఉతికి ఆరేసినంత శుభ్రంగా ఉంది.

ఏడాది చివర లెక్క కుదర్లేదు.
వాగులో ఆమ్లం ఉంది, సీసాలో లేదు.
సీసాదే తప్పనుకున్నాను.
రిజిస్టరు తెప్పించుకున్నాను. పెన్సిలు రాత:
"వాన లేదు. పక్షి వాలింది, గరాటు కడిగాను."
"వాన లేదు. చెట్లు కారుతున్నాయి."
"వాన లేదు. చెట్లు కారుతున్నాయి."
అలా పదకొండు పొద్దులు.
నేనేమో ప్రతిసారీ 'లేదు' దగ్గరే చదవడం ఆపి
సున్నా వేసుకుంటూ పోయాను.

అక్టోబరులో బస్సెక్కి వెళ్లాను.
ఆయన పలకరింపు కూడా లేకుండా గట్టు మీదికి నడిపించాడు.
అక్కడ మబ్బు పైన లేదు, మోకాళ్ల దగ్గరుంది.
చినుకు లేదు.
స్ప్రూస్ చెట్లు సూదులన్నిటితో మబ్బును దువ్వుతున్నాయి,
దువ్విందంతా మొదళ్లలోకి జారుతోంది.
గంట నిలబడ్డాం. నా కనురెప్పలు కూడా కారాయి.
ఆయన ఉన్ని టోపీ తీసి
నా సీసాలోకి పిండాడు.
"ఇది నీ లెక్కలో ఉందా?"

లేదు.

పిహెచ్ మూడు పాయింటు ఏడు.
నిమ్మకాయకి కాస్త ఇవతల, చేపపిల్లకి చాలా అవతల.

దిగి వస్తుంటే సరస్సులో సున్నం పడవ తిరుగుతోంది,
వెనకాల తెల్లటి చార.
ఆకాశం చేతులు కడుక్కున్న నీళ్లకి
కింద ఎవరో విరుగుడు కలుపుతున్నారు, జీతానికి.

కాఫీ పోస్తూ సోల్‌ఫ్రిడ్ అడిగింది:
"తొలగింపు అంటే, ఎక్కడికి?
మా పొరుగాయనా తన దారిలో మంచు తొలగిస్తాడు.
మా గేటు ముందు పోస్తాడు."

ఆ రాత్రి ప్రోగ్రాములో ఒక వరుస చేర్చాను:
చెట్టు ఎత్తు, గాలి వేగం, పొగమంచులో తడి.
గుణకానికి 'టోపీ' అని పేరు.
నిలువు వరుస పేరు మాత్రం మార్చలేకపోయాను,
నలభై ప్రోగ్రాములు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాయి.

ఇంకా నాలుగు శాతం తేడా ఉంది.
ఎనిమిదిన్నరకి, సీసా మార్చి ఇంటికొచ్చాక,
ఆయనకి ఫోను చెయ్యాలి.